ఆకలి 'వేస్తుంది', నిద్ర 'పడుతుంది'

రోజుకు పది ఇంగ్లిష్ పదాలు, నెలకు మూడు వందలు. ఎక్కడ చూసినా ఇలాంటి జాబితాలే. ఎడమవైపు పదం, కుడివైపు తెలుగు అర్థం, అంతే. వాటిని కంఠస్థం చేస్తే చాలు, ఇంగ్లిష్ వచ్చేసినట్టేనని నమ్మబలుకుతున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఈ పద్ధతివల్ల ఎక్కువ నష్టపోతున్నది బద్ధకస్తులు కాదు, రాత్రిళ్లు కూర్చుని శ్రద్ధగా చదివేవాళ్లు.

మొన్న ఒక అమ్మాయి తన ఉద్యోగ దరఖాస్తు సరిచూడమని పంపింది. తనకు 'ప్లెథోరా' అనుభవం ఉందని రాసుకుంది. ఆమె చదివిన జాబితాలో ఆ పదానికి 'సమృద్ధి' అని అర్థం ఇచ్చారట. కానీ ఆ పదంలో, ఉండవలసినదానికన్నా మించిపోయిందన్న ఛాయ ఉంది. ఒంట్లో రక్తం అతిగా చేరడాన్ని ఒకప్పుడు వైద్యులు ఆ మాటతోనే చెప్పేవారు. అనుభవం పక్కన హాయిగా ఒదిగేది 'ఎక్స్‌టెన్సివ్'. ఆ అమ్మాయి శ్రమలో లోపమేమీ లేదు. పదాన్ని చేతిలో పెట్టారు గానీ, అది ఎవరితో కలిసి తిరుగుతుందో చెప్పలేదు.

మన మాటలనే చూడండి. ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది, ఎక్కిళ్లు వస్తాయి. 'ఆకలి పట్టింది', 'నిద్ర వేసింది' అని ఎవరైనా అంటే అర్థం కాకపోదు, కానీ చెవికి గుచ్చుకుంటుంది. ఎందుకని అడిగితే ఏ వ్యాకరణమూ జవాబు చెప్పదు. ఇంగ్లిష్‌లో వర్షం 'హెవీ', గాలి 'స్ట్రాంగ్'. నిర్ణయాన్ని 'మేక్' చేస్తారు, హోంవర్క్‌ను 'డూ' చేస్తారు, నేరాన్ని 'కమిట్' చేస్తారు. ఇలా మాటలు అలవాటుగా జతకట్టడాన్నే కొలొకేషన్ అంటారు. మాటను దాని సావాసాన్ని బట్టే తెలుసుకోగలమని బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1957లోనే అన్నాడు. 'కాజ్' అనే క్రియనే తీసుకోండి. నిఘంటువులో 'కలిగించు' అని ఉంటుంది. వాడుకలో మాత్రం అది ఎక్కువగా నష్టం, ఆలస్యం, నొప్పి వంటి చెడ్డవాటి పక్కనే కనిపిస్తుంది. విజయం పక్కన దాన్ని పెడితే వ్యాకరణం ఒప్పుకున్నా వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఫ్రేజల్ వెర్బుల విషయంలో, అంటే క్రియకు 'ఆఫ్', 'అవుట్' వంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే జంటల విషయంలో, జరుగుతున్నది ఇంకా అన్యాయం. చిన్న మాటలు కాబట్టి చిన్నచూపు. 'పుట్ ఆఫ్' కన్నా 'పోస్ట్‌పోన్' గొప్పదట! పోస్ట్‌పోన్, ఎక్స్‌టింగ్విష్, టాలరేట్ లాటిన్ మూలాల మాటలు, చట్టాల్లోనూ నివేదికల్లోనూ బాగా ఇముడుతాయి. స్నేహితుల మధ్య పని వాయిదా పడినా, మంట ఆర్పినా, గొడవను భరించినా వినిపించేవి పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్. ఇవి విదేశీయులకు ఎంతో కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ముందుమాటలోనే రాశాడు. కష్టమే, కానీ మనకు కొత్త కాదు. పట్టుకోవడం, పట్టుబడడం, పట్టుబట్టడం, పట్టించుకోవడం: ఒకే 'పట్టు' నుంచి నాలుగు దారులు. వీటి మధ్య తేడాను మనం జాబితా చూసి నేర్చుకున్నామా?

జాబితాలు దాటేసే సంగతి మరొకటుంది. 'పుట్ ఇట్ ఆఫ్' అనాలి, 'పుట్ ఆఫ్ ఇట్' అనకూడదు. అదే 'లుక్ ఆఫ్టర్ ఇట్' దగ్గర రెండు మాటలనూ విడదీయకూడదు. అర్థం బట్టీపట్టినవారికి ఇది ఎలా తెలుస్తుంది? పదిసార్లు వాక్యాల్లో చదివినవారికి, విన్నవారికి ఎవరూ చెప్పకుండానే పట్టుబడుతుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు నోటుపుస్తకంలో పదాలు రాయడం మానేసింది. చదివినచోట దొరికిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటోంది. పోయిన వారం మొత్తానికి రాసినవి ఐదే. నిన్న ఫోను చేసి, 'పుట్ అప్ విత్' మధ్యలో 'ఇట్' పెట్టవచ్చా అని అడిగింది. పెట్టకూడదు, ఆ మూడూ కలిసే ఉంటాయి, 'ఇట్' వాటి తరువాతే వస్తుంది అన్నాను. "నాకు దొరికిన వాక్యంలోనూ అలాగే ఉందండీ, ఒకసారి సరిచూసుకుందామని అడిగాను" అంది.