సవరణ: పూల సమాధి ఆ ఒంటిచేతి మనిషిది కాదు

ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన ఒంటిచేతి నియాండర్తల్ (వేల ఏళ్ల కిందట అంతరించిపోయిన ఒక మానవ జాతి) మనిషిని పూలు పరిచి పాతిపెట్టారని మొన్నటి పోస్టులో రాశాను, అది తప్పు. పూల పుప్పొడి కనిపించింది 1960లో బయటపడిన మరో అస్థిపంజరం దగ్గర, అదీ తేనెటీగలు తెచ్చి ఉండొచ్చని కొందరు పరిశోధకుల మాట.

నేను చెప్పినాయన 1957లో దొరికాడు. ఎడమ కంటి చుట్టూ ఎముక చితికి మానింది, కుడి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది, నడక కుంటి, చెవులూ సరిగా వినపడేవి కావు, అయినా 40 ఏళ్ల దాకా బతికాడు. ముందు పళ్లు మాత్రం బాగా అరిగిపోయాయి, లేని చేతి పని పళ్లతో చేసుకునేవాడేమో! పక్కవాళ్లు తిండి పెట్టకుండా, తోడు నడవకుండా అన్నేళ్లు ఎలా బతుకుతాడు? ఆ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోవడం లేదు. పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి పూల సంగతి తీసేయండి.