చెత్త బండి వెళ్లిపోయాక

పోయిన వేసవిలో అమ్మ మా దగ్గరికొచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని ‘హోర్డర్స్’ పాత ఎపిసోడ్లు చూశాం. ఏ వస్తువూ పారేయలేక ఇంట్లో పోగేసుకునే మనుషుల మీద 2009లో అమెరికాలోని ఏ అండ్ ఈ ఛానెల్లో మొదలైన రియాలిటీ షో అది. ఇంటినిండా పాత పేపర్లు, బట్టలు, ఖాళీ డబ్బాలు. స్టవ్ దగ్గరికి వెళ్లడానికి కూడా దారి ఉండదు. అమ్మకు ఇంగ్లీషు అంతగా రాదు. కాసేపు చూసి, "మీ పెద్దమ్మ కూడా పెదనాన్న పోయాకే కదరా ఇలా అయింది" అంది.

నాకు మాట రాలేదు. నాలుగేళ్ల కిందట మూడు వారాల సెలవుకి గుంటూరు వెళ్లి, పెద్దమ్మ గదిని ఒక్క రోజులో ఖాళీ చేయించింది నేనే. "ఆ సంచీ ఒక్కటీ ఉంచు నాయనా" అని ఆవిడ గుమ్మంలో నిలబడి అడుగుతూనే ఉంది. మళ్లీ వెళ్లేసరికి గది ఎప్పటిలాగే నిండిపోయింది. తలుపుకి మాత్రం కొత్తగా తాళం పడింది.

అందుకే ఈ షో వల్ల మేలుందని గట్టిగా అంటాను. మనం బద్ధకమనో, పిసినారితనమనో తేల్చేసేదాన్ని అది జబ్బుగా చూపించింది. అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వాడే పుస్తకం డీఎస్ఎం-5 దీన్ని విడి జబ్బుగా గుర్తించింది 2013లోనే. పాత పేపరు పారేయమంటే మనిషి ఎంత విలవిల్లాడిపోతుందో టీవీలో చూస్తే తెలిసినంతగా ఏ వ్యాసం చదివినా తెలియదు.

నా అభ్యంతరం ఆ తర్వాత సామాను ఎత్తుకెళ్లడానికి వచ్చే లారీలతో. రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ అయిపోతుంది. పక్కన సైకాలజిస్టు ఉంటారు, నిజమే. కానీ తర్వాత ఆ మనిషి సంగతి చివర్లో తెరమీద నాలుగు ముక్కల్లో సరిపెట్టేస్తారు. అసలు వైద్యం మొదలయ్యేదే అక్కడ. దీనికి ఎక్కువగా వాడే సీబీటీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మాటలతో మార్చే చికిత్స) ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని, ఎందుకు వదల్లేకపోతున్నామో వారం వారం మాట్లాడుకుంటారు. నెలలు పడుతుంది. ఆ నెలల్ని చూపించనంతకాలం, నాలాంటి సెలవుల కొడుకులు లారీనే వైద్యమనుకుంటారు. సెలవు తక్కువ కాబట్టి మనకు ఆ పద్ధతే నచ్చుతుంది కూడా.

మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే భారత ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. అమ్మ వెళ్లేటప్పుడు రాసిచ్చాను. ఈ సంక్రాంతికి నేనూ వెళ్తున్నాను. పెద్దమ్మను అడగాల్సింది ఒకటుంది: ఆ సంచీలో ఏముండేదని.