గెలిపించినవారే పైరవీకి వస్తే

అమెరికాలో పైరవీ కొత్తది కాదు. ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కును ఆ దేశ రాజ్యాంగపు మొదటి సవరణే కల్పించింది. అయితే 1980లో అధ్యక్షుడిగా గెలిచిన రీగన్ ఎన్నికల ప్రచారంలో పనిచేసిన చార్లెస్ బ్లాక్, పాల్ మానఫోర్ట్, రోజర్ స్టోన్ కలిసి ఆ ఏడాదే వాషింగ్టన్ పక్కనే ఉన్న అలెగ్జాండ్రియాలో ప్రారంభించిన సంస్థ ఈ వృత్తి స్వభావాన్నే మార్చివేసింది. సాధారణంగా అభ్యర్థులను గెలిపించే వ్యూహకర్తలు వేరు, గెలిచినవారి దగ్గర కంపెనీల పనులు చక్కబెట్టే పైరవీకారులు వేరు. ఈ ముగ్గురూ ఆ రెండు పనులనూ ఒకే గూటికి చేర్చారు. తన గెలుపుకు వ్యూహం రచించిన మనిషే రేపు ఒక క్లయింటు పని మీద గదిలోకి వస్తే, కాదనడానికి ఏ సెనేటర్‌కు నోరు వస్తుంది? నా దృష్టిలో ఈ సంస్థ చేసిన అసలు చేటు ఇక్కడే ఉంది.

1984లో డెమొక్రాటిక్ పార్టీ నిధుల సేకరణలో పేరున్న పీటర్ కెల్లీ కూడా చేరడంతో, ఏ పార్టీ గెలిచినా సంస్థకు లోటు లేకుండా పోయింది. ఒకే పార్టీ లోపలి పోటీలోనూ అంతే: 1988లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి జార్జ్ బుష్, జాక్ కెంప్ పోటీపడినప్పుడు, అంతకుముందు ఇదే సంస్థలో భాగస్వామిగా ఉన్న లీ అట్‌వాటర్ బుష్ ప్రచారాన్ని నడిపితే, బ్లాక్ కెంప్ పక్షాన పనిచేశారు.

విదేశీ క్లయింట్ల జాబితా మరింత బాధ కలిగిస్తుంది. ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ పక్షాన పనిచేయడానికి 1985లో ఏడాదికి 9.5 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. జైర్ (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) పాలకుడు మొబుటు కూడా వీరి క్లయింటే. అంగోలా తిరుగుబాటు నాయకుడు జోనాస్ సవింబీని స్వాతంత్ర్య యోధుడిగా వాషింగ్టన్‌కు పరిచయం చేసిన బాధ్యతా వీరిదే. 1986 జనవరిలో రీగన్ ఆయనను వైట్‌హౌస్‌లో కలుసుకున్నారు, ఆ ఏడాదే ఆయన సేనకు విమానాలను కూల్చే అమెరికన్ స్టింగర్ క్షిపణులు అందాయి. ప్రచ్ఛన్న యుద్ధ రాజకీయాలే అందుకు ప్రధాన కారణం కావచ్చు. కానీ 2002లో సవింబీ మరణించేదాకా ఆగని ఆ అంతర్యుద్ధాన్ని తలచుకుంటే, డబ్బుకు మంచిపేరు తయారుచేసి ఇచ్చే వృత్తిని తేలికగా తీసుకోలేం.

ఈ కథ మన దేశాన్నీ తాకింది. 1990–94 మధ్య, కశ్మీర్ విషయంలో అమెరికాలో ప్రచారం చేసే కశ్మీరీ అమెరికన్ కౌన్సిల్ ఈ సంస్థకు ఏడు లక్షల డాలర్లు చెల్లించింది. ఆ కౌన్సిల్‌కు పాకిస్తాన్ ఐఎస్ఐ నుంచి రహస్యంగా నిధులు అందేవని, 2011లో దాని అధిపతి అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నప్పుడు రూఢి అయింది.

ఇన్ని వివరాలు మనకు తెలియడానికి ఒక ముఖ్య కారణం, విదేశాల తరఫున పనిచేసేవారు న్యాయశాఖ వద్ద నమోదు కావాలని, ఒప్పందాలు, చెల్లింపులు బయటపెట్టాలని నిర్దేశించిన 1938 నాటి చట్టం. అదీ లొసుగులు లేనిది కాదు: ఉక్రెయిన్ పాలకుల తరఫున చేసిన పనికి సంబంధించి ఆ చట్టాన్ని ఉల్లంఘించే కుట్రలో పాలుపంచుకున్నానని మానఫోర్ట్ 2018లో అంగీకరించారు, 2020 డిసెంబరులో ఆయనకు అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. అయినా అక్కడ రాసి ఉంచే పుస్తకమంటూ ఒకటుంది. పైరవీకారుల నమోదుకు మన దేశంలో ప్రత్యేక చట్టమే లేదు. భారత మార్కెట్‌లో ప్రవేశం సహా పలు అంశాలపై వాల్‌మార్ట్ చేసిన పైరవీ ఖర్చు 2012 డిసెంబరులో మన పార్లమెంటును స్తంభింపజేసింది. ఆ లెక్క ఢిల్లీలోని ఏ కార్యాలయంలోనూ దొరికింది కాదు, ఆ కంపెనీ అమెరికా సెనేట్‌కు సమర్పించిన పత్రాల్లో దొరికింది.