పండగ కేకుకి తొందర పడదు

డిసెంబరు 24 రాత్రి పదింటికి ఫోన్లో ఫ్రూట్ కేక్ రెసిపీ వెతికేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎండు పండ్లు నానబెట్టే టైం ఎక్కడిది? వేడి నారింజ రసంలో అరగంట ముంచి, పిండిలో కలిపేసి, ఒంటిగంటకి ఓవెన్‌లోంచి తీసి, ఆగలేక వేడి మీదే కోశాను. పొడిపొడిగా రాలిపోయింది. కిస్‌మిస్ రుచి కిస్‌మిస్‌ది, కేకు రుచి కేకుది, దేని దారి దానిదే. విసుగొచ్చి మిగిలిన సగం బటర్ పేపర్లో చుట్టి డబ్బాలో పడేశాను. పది రోజుల తర్వాత ఇంకేదో వెతుకుతుంటే ఆ డబ్బా చేతికొచ్చింది. మూత తీయగానే ముందు వాసన వచ్చింది. కత్తి పెడితే ముక్క నున్నగా తెగింది, పండ్లలో తడి చుట్టూ ఉన్న కేకులోకి దిగి అంతా ఒకే రంగు తిరిగింది. అదే పిండి, అదే చెయ్యి. తేడా పది రోజులు.

పండగ బేకింగ్ గురించి మనం పెట్టే వీడియోల్లో, రాసే రెసిపీల్లో ఎగిరిపోతున్నది సరిగ్గా ఇదే. కప్పులూ గ్రాములూ ఉంటాయి, రోజులు ఉండవు.

ఇంగ్లండులో ఎండు పండ్లతో చేసే క్రిస్మస్ పుడ్డింగ్ కలిపే ఆచారానికి ఒక ఆదివారమే ఉంది, స్టిర్-అప్ సండే అంటారు. అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కి ముందటి సన్నాహపు వారాలు, మొదలవడానికి ముందు వచ్చే ఆఖరి ఆదివారం, అంటే పండగకి దాదాపు నెల ముందు. ఇంట్లో అందరూ వంతులవారీగా గరిటె తిప్పుతారు. కరీబియన్ దీవుల్లో బ్లాక్ కేక్ అనే నల్లటి పండ్ల కేకు చేసేవాళ్లయితే పండ్లని నెలల ముందే రమ్ములో వేసి వదిలేస్తారు. ఇన్నాళ్లు పాడవకుండా ఎలా ఉంటుందంటే, రమ్ములో ఉన్న ఆల్కహాల్ ఒక పక్క కాపాడుతుంది, ఇంకో పక్క చక్కెర నీటిని పట్టేసుకుంటుంది, బూజుకి, బ్యాక్టీరియాకి వాడుకోవడానికి తడి మిగలదు. జర్మనీలో తేనె, మసాలాలు వేసి చేసే క్రిస్మస్ బిస్కెట్లు లెబ్‌కూఖెన్ కథ ఇంకా బాగుంటుంది. కొన్ని రకాలు ఓవెన్‌లోంచి తీసిన రోజు రాయిలా ఉంటాయి. డబ్బాలో ఒక ఆపిల్ ముక్కతో పాటు పెడితే, తేనెకి తడిని లాగే గుణం ఉంది కాబట్టి, కొన్ని రోజుల్లో మెత్తబడతాయి. చైనాలో చంద్రుడి పండగకి చేసే కాంటనీస్ మూన్‌కేక్ పైపొర కూడా మొదటి రోజు పెళుసుగానే ఉంటుంది, రెండు మూడు రోజులకి లోపలి నూనె పైకి ఊరి మెరుపొస్తుంది. దానికి వాళ్ల భాషలో ‘నూనె తిరిగి రావడం’ అని ఒక మాటే ఉంది. అది తెలియని మనిషి మొదటి రోజే కొరికి, రెసిపీ రాసినవాళ్లని తిట్టుకుంటాడు.

అన్నిటికీ ఆగడమే మంత్రం అనుకోకండి. వసంతకాలపు లెక్క వేరే, అది కొట్టుగది లెక్క. ఈస్టర్‌కి ముందు 40 రోజుల ఉపవాసంలో ఒకప్పుడు గుడ్లు, వెన్న నిషిద్ధం. అందుకే ఉపవాసానికి ముందటి మంగళవారం ఉన్న గుడ్లు, పాలు, వెన్న అన్నీ పాన్‌కేకులుగా ఖర్చు చేసేవారు. కానీ కోళ్లకి ఉపవాసం సంగతి ఏం తెలుసు, పగలు పెరిగేకొద్దీ అవి ఇంకా ఎక్కువ గుడ్లు పెడతాయి. పండగ నాటికి గుట్ట పడ్డ ఆ గుడ్లే ఈస్టర్ తీపి రొట్టెల్లోకి, రష్యాలో కులిచ్‌లోకి, గ్రీసులో త్సురేకిలోకి వెళ్లాయి. జర్మనీలో డ్రెస్డెన్ ఊరి క్రిస్మస్ రొట్టె, స్టొలెన్ కూడా ఇలాంటి నిషేధాల మధ్య పుట్టిందే. క్రిస్మస్ ముందటి ఉపవాసంలో వెన్న కూడదన్నారు కాబట్టి నూనెతో చప్పగా చేసుకునేవారు, 1491లో పోప్ ఇన్నోసెంట్ VIII అనుమతిస్తూ ఉత్తరం రాశాకే అందులోకి వెన్న వచ్చింది.

ఇప్పుడు గుడ్లు ఏ నెలలోనైనా దొరుకుతాయి, వెన్న ఫ్రిజ్‌లో ఉంటుంది. కారణాలు పోయి ఆకారాలు మిగిలాయి. బ్రిటన్‌లో గుడ్‌ఫ్రైడేకి తినే, పైన శిలువ గుర్తుండే హాట్ క్రాస్ బన్స్ జనవరిలోనే సూపర్‌మార్కెట్లలో కనిపిస్తాయి. దీనికి నేను పెద్దగా బాధపడను. గుడ్ల కొరత కోసం ఎవరూ తపస్సు చేయక్కర్లేదు. నాకు అభ్యంతరమల్లా, రోజులు తీసుకోవాల్సిన వంటని కూడా ఒక సాయంత్రంలోకి కుదించేసి, తర్వాత ‘ఇంట్లో చేస్తే బేకరీ రుచి రాదు’ అని తీర్పు చెప్పేయడం మీద.

ఇంకో మాట. పాతకాలపు ఓపిక గురించి గొప్పగా మాట్లాడేది సాధారణంగా తినేవాళ్లమే, చేసేవాళ్లు కాదు. కానీ ఆ పద్ధతిని కాస్త దగ్గరగా చూస్తే అందులో రుచి ఒక్కటే లేదు, పని సర్దుబాటు ఉంది. పండగ రోజు ఎలాగూ వంటగదిలోనే ఇరుక్కుపోయే మనిషి, ఒక పెద్ద పనిని నెల ముందే తీరుబాటుగా ముగించేసుకునేది. ముందు రాత్రి హడావిడి, ఆ టెన్షన్ మనం కొత్తగా తెచ్చిపెట్టుకున్నవి.

స్పాంజ్ కేకుని మాత్రం నిల్వ ఉంచకండి, అది ఏ రోజుది ఆ రోజే. బ్రెడ్ జాతివి మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలిలో పిండిపదార్థం త్వరగా బిగుసుకుపోయి బయట ఉన్నదానికంటే ముందే గట్టిపడుతుంది. ఫ్రీజర్ అయితే పర్లేదు.

ఈసారి నేను అక్టోబరులోనే పెద్ద గాజు సీసాలో పండ్లు నానబెట్టాను. మూత మీద తేదీ రాశాను. ఇంట్లోవాళ్లు వారానికోసారి మూత తీసి వాసన చూస్తున్నారు, ఎవరో చెంచా కూడా పెడుతున్నట్టున్నారు. మట్టం రెండు వేళ్లు తగ్గింది.