కళ్లముందే కోయించిన కోడి

ఆదివారం కూర నీళ్లు వదిలింది. మేం పోసింది చుక్క లేదు, అయినా మూకుట్లో ముక్కలు ఈదుతున్నాయి. ఉప్పు ముందే వేశావని ఇంట్లో నా మీద అభియోగం. నా దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉంది: "కళ్లముందే కోయించాను!"

బెజవాడలో దీన్ని మించిన నాణ్యతా పత్రం లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన మాంసమంటే మనకు చీదర. బోర్డు మీద లైవ్, స్కిన్, స్కిన్‌లెస్ రేట్లు చదివి, బోనులోకి వేలు చూపించి "అదిగో, ఆ హుషారైంది" అని ఎంపిక చేస్తాం. అది అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం అడగం.

నేను చూశాను. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం, బెంజి సర్కిల్ సిగ్నల్. మోపెడ్ హ్యాండిల్‌కి అటో గుత్తి, ఇటో గుత్తి బాయిలర్ కోళ్లు, కాళ్లు కట్టి తలకిందులుగా. వెనక సీటుకి ఇంకో రెండు గుత్తులు. డ్రైవరుగారికి ముఖాన తడిగుడ్డ, నెత్తిన టోపీ, జేబులో మజ్జిగ ప్యాకెట్. ప్రయాణికులకు గాలి ఉచితం, సైలెన్సర్ పక్క సీట్లవాళ్లకు వేడిగాలి అదనం. చివరి కోడి తల రోడ్డుకి జానెడు ఎత్తున ఊగుతోంది. నోరు తెరుచుకుని రొప్పుతోంది. కోడికి చెమట పట్టదు, ఒంట్లో వేడి దించుకోవాలంటే రొప్పడమే దారి. తలకిందులుగా వేలాడదీస్తే పేగుల బరువు గాలితిత్తుల మీద పడి ఆ రొప్పడమూ కష్టమే. సిగ్నల్ పడింది. బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి దూకింది.

చట్టం లేదనుకునేరు. 2001లో సవరించిన జంతు రవాణా నిబంధనల ప్రకారం 25 డిగ్రీలు దాటితే కోళ్లను తరలించకూడదు. ఎండ తగలకూడదు. రోడ్డు మీద పెట్టె మీద పెట్టె పేర్చకూడదు. వేసవిలో ఆరు గంటలకోసారి నీళ్లు పట్టాలి. 25 డిగ్రీలు! మన ఊళ్లో ఆ చల్లదనం ధనుర్మాసం తెల్లవారుజామున, పొంగలి ప్రసాదంతోపాటు దొరుకుతుంది. రాసినాయన ఏ ఊటీలోనో కూర్చుని రాసుంటాడు.

ఇక కూర సంగతి. భయంతో, వేడితో, పెనుగులాటతో ఉన్న కోడిని కోస్తే కండలో నిల్వ ఉన్న చక్కెర, అంటే గ్లైకోజెన్, గబగబా లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఒళ్లు చల్లబడకముందే కండ పులిస్తే ప్రోటీన్లకు నీటిని పట్టి ఉంచే శక్తి పోతుంది. మాంసం పాలిపోయి, మెత్తబడి, నీరు కారుతుంది. ప్రయాణం మరీ సాగి ఆ నిల్వ ముందే అయిపోయిందా, కండ నల్లబడి, బిగిసి, త్వరగా పాడవుతుంది. గన్నవరంలో పశువైద్య కళాశాల పెట్టుకుని కూడా మనం దీనికి వైద్యం అల్లం వెల్లుల్లి ముద్దతోనే చేస్తాం.

రెక్క దగ్గర కమిలిన మచ్చను కత్తితో చెక్కేసి "చిన్న దెబ్బ సార్" అంటాడు షాపతను. చిన్న దెబ్బట! రక్తం అలా కమిలిందంటే ఆ దెబ్బ బతికుండగా తగిలిందని. సిగ్గుండాలి. చల్లవేళ, నీడపట్టున తీసుకురావడానికి ఏం రోగం? కిలోకి పది రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడే నేను ఈ ఒక్క మాట ఏనాడైనా అడిగానా? ఆ రోజు సిగ్నల్ దగ్గర కనీసం కారు అద్దమన్నా దించలేదు, ఏసీ పోతుందని.

తర్వాతి ఆదివారం షాపుకెళ్లి "మొన్నటిది నీళ్లు వదిలిందయ్యా" అన్నాను. కత్తి ఆపకుండానే చెప్పాడు: "కడిగాక సరిగ్గా పిండలేదేమో సార్."