బయోడేటాని ఆత్మకథ అనకండి

రిటైరయ్యాక ఆత్మకథ రాసుకోవడం ఈమధ్య మనవాళ్లలో బాగా పెరిగింది. మంచిదే. రాసినవాళ్లు ప్రేమగా సంతకం చేసి ఇస్తారు, నేనూ ప్రేమగానే తీసుకుంటాను, కానీ చాలావాటిలో నలభయ్యో పేజీ దాటడం నావల్ల కావడం లేదు. పుట్టడం, కష్టపడి చదవడం, ఉద్యోగం, ప్రమోషన్లు, పిల్లల డిగ్రీలు, చివర్లో సన్మానాల ఫోటోలు. ఇది బయోడేటా. కాస్త పొడుగ్గా ఉంది, అంతే. పైగా "నాదేముంది, అంతా ఆ దేవుడి దయ" అంటూనే ప్రతి అధ్యాయంలోనూ గెలిచేది రాసినాయనే!

జీవితం మొత్తం చెప్పి తీరాలన్న పట్టుదలే ఈ పుస్తకాల కొంప ముంచుతోందని నాకనిపిస్తుంది. డెబ్బై ఏళ్లని రెండొందల పేజీల్లో కుక్కితే ఏడాదికి మూడు పేజీలు కూడా రావు. వాటిలో తేదీలు పడతాయి గానీ మనిషెక్కడ పడతాడు? ఒక్క ఐదేళ్లు తీసుకోండి, ఒక్క ఉద్యోగమో ఒక్క జబ్బో తీసుకోండి, మిగతాది వదిలేయండి.

"మేమేమైనా గొప్పవాళ్లమా, మా బతుకులో రాయడానికి ఏముంది" అనేవాళ్లకి బనారసీదాస్ సంగతి చెప్తాను. ఈయన ఒక జైన వ్యాపారి. 1641లో, యాభై అయిదేళ్ల వయసులో, తన కథని పద్యాల్లో రాసుకున్నాడు. మనిషికి నిండు ఆయుష్షు నూటపది, తను గడిపింది సగమే కదా అని దానికి 'అర్ధకథానక్' అని పేరు పెట్టాడు. వ్యాపారంలో దెబ్బ మీద దెబ్బ, పుట్టిన తొమ్మిదిమంది పిల్లలూ పోయారు, అవన్నీ దాచకుండా చెప్పాడు. 1605లో అక్బర్ పోయాడన్న వార్త జౌన్‌పూర్‌కి వచ్చినప్పుడు ఈయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడట. వినగానే తూలి కింద పడ్డాడు, తల చిట్లి రక్తం కారింది, తల్లి గుడ్డ కాల్చి ఆ గాయానికి పెట్టింది. ఊళ్లో దుకాణాలు మూతపడ్డాయి, జనం నగలూ డబ్బూ పాతిపెట్టుకున్నారు, ఉన్నవాడెవడో లేనివాడెవడో తెలియకుండా అందరూ ముతక బట్టలే కట్టుకున్నారు. పది రోజులకి, అంతా సవ్యంగానే ఉందని ఆగ్రా నుంచి ఉత్తరం వచ్చాక గానీ ఊరు ఊపిరి పీల్చుకోలేదు. రాజు పోతే మామూలు జనానికి ఎంత టెన్షనో చక్రవర్తుల చరిత్రల్లో ఎక్కడ దొరుకుతుంది? మెట్ల మీంచి పడ్డవాడు రాసుకున్నాడు కాబట్టి దొరికింది.

మన తెలుగులో కందుకూరి వీరేశలింగం గారి స్వీయచరిత్ర 1911లోనే వచ్చింది, అదీ గొప్పదే. కానీ నేను అందరికీ చదవమని చెప్పేది కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి'. ఆవిడ తొంభై దాటాక, 2012లో వచ్చింది. బాల్య వైధవ్యం, మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్త వదిలి వెళ్లిపోవడం, నడివయసులో మళ్లీ చదువు, హాస్టల్లో ఉద్యోగం, కన్నపిల్లల్ని పోగొట్టుకోవడం. ఇంకొకరైతే ప్రతి పేజీలోనూ శాపనార్థాలు పెట్టేవారు. ఆవిడ గొంతు పెంచదు, అందుకే మనకి గొంతు పట్టేస్తుంది.

ఇంకో సంగతి. యాభై ఏళ్ల నాటి సంభాషణని అక్షరం పొల్లుపోకుండా కొటేషన్లలో రాసేవాళ్లని నేను నమ్మను. గుర్తు లేకపోతే లేదని రాస్తే పోయేదేముంది? పాత ఉత్తరాలు తీసి చూడండి, అక్కకో తమ్ముడికో ఫోన్ చేయండి. వాళ్లు "అలా జరగలేదురా" అంటే కొట్టిపారేయకుండా రెండూ రాయండి, అసలు రుచి ఆ తేడాలోనే ఉంటుంది.

అన్నిటికన్నా చిక్కు పక్కవాళ్ల రహస్యాలతోనే. మన తప్పులు మనం చెప్పుకోవచ్చు, అది మన ఇష్టం. మాజీ అల్లుడి తాగుడు, చెల్లెలి అప్పులు మన పుస్తకంలోకి ఏ హక్కుతో వస్తాయి? అలాగని అన్నీ కత్తిరించేస్తే మళ్లీ బయోడేటానే మిగులుతుంది. నా మట్టుకు నాకు తోచిన దారి, బతికున్నవాళ్లకి అచ్చుకి వెళ్లకముందే ఆ పేజీలు చూపించడం. గొడవ అవుతుంది, అవనివ్వండి. పోయినవాళ్లకి చూపించలేం కాబట్టి వాళ్ల విషయంలో ఇంకాస్త ఆచితూచి రాయాలి, ముఖ్యంగా వాళ్ల మీద మనకి కోపం ఇంకా తీరకపోతే.