మొదటి సెమిస్టర్‌లో లెక్కల క్లాసు ఏదమ్మా?

ఇక్కడ అమెరికాలో కాలేజీకి వెళ్తున్న పిల్లలకు మన సంఘం ఈ వేసవిలో చేసిన సన్మానానికి వచ్చినవాళ్లందరికీ ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, ఒక్కొక్కరినీ యాంకర్ రెండు ప్రశ్నలడిగారు: ఏ కాలేజీ, మొదటి సెమిస్టర్‌లో లెక్కల క్లాసు ఏది. మల్టీవేరియబుల్ (కాల్క్యులస్‌లో మూడో మెట్టు) అన్న అబ్బాయికి ఈలలు పడ్డాయి. క్యాల్క్ టూ (రెండో మెట్టు) అన్న అమ్మాయికి గట్టిగా చప్పట్లు. ప్రీకాల్క్యులస్ (కాల్క్యులస్‌కు ముందు చదివేది) అన్న పిల్ల దగ్గరికొచ్చేసరికి ముందు వరసల్లోంచి ఒక "అయ్యో", మైకులో "పర్లేదులేమ్మా, తర్వాత కవర్ చేసేసుకోవచ్చు" అన్న ఓదార్పు. కాసేపటికి భోజనాల వరసలో ఒక పెద్దమనిషి సంబరంగా చెబుతున్నారు: "ఆన్‌లైనే కదండీ, ప్లేస్‌మెంట్ పరీక్ష మేమిద్దరం చెరోపక్క కూర్చుని రాయించాం, 91 వచ్చింది." ఆయన్ని చూసి అయ్యో అన్నవాళ్లు లేరు.

ప్లేస్‌మెంట్ పరీక్షలో ర్యాంకు ఉండదు, పాసు ఫెయిలు ఉండవు. ఈ మార్కు కాలేజీ మార్కుల పత్రం (ట్రాన్‌స్క్రిప్టు) మీదకు ఎక్కదు, గ్రేడ్ల సగటు అయిన జీపీఏలో కలవదు. పిల్లను ఏ క్లాసులో కూర్చోబెట్టాలో కాలేజీకి చెప్పే కొలత, అంతే. జాకెట్టుకు కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి నడుము తగ్గించి చూపిస్తే టైలర్ పాపం అలాగే కుడతాడు. పెళ్లినాడు ఊపిరాడనిది ఆయనకు కాదు.

పరీక్ష పేరు కాలేజీని బట్టి మారుతుంది. నాలుగేళ్ల యూనివర్సిటీల్లో ఎక్కువగా కనిపించేది మెక్‌గ్రాహిల్ వాళ్ల ఆలెక్స్ పీపీఎల్. 30 వరకు ప్రశ్నలు, 100కి స్కోరు. ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న వస్తుంది. ఏబీసీడీలు ఉండవు, జవాబు మనమే టైపు చెయ్యాలి. కాల్క్యులేటర్ అవసరమైన ప్రశ్నకు తెరమీద అదే ప్రత్యక్షమవుతుంది, మిగతా వాటికి కాగితం, పెన్సిలే. కాల్క్యులస్‌లోకి పంపే గీతను ఒక్కో కాలేజీ ఒక్కోచోట గీస్తుంది. చాలాచోట్ల అది 70కి, 80కి మధ్యన ఉంటుంది. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువగా వినిపించేది కాలేజ్ బోర్డు వాళ్ల అక్యుప్లేసర్: 200 నుంచి 300 దాకా స్కోరు, టైము హద్దు లేదు, బహుళైచ్ఛిక ప్రశ్నలు. టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీలకు టీఎస్‌ఐఏ2 అనే పరీక్ష ఉంది. లెక్కల్లో 950 వస్తే చాలు, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష లెక్కల్లో 530 లేదా ఎక్కువ వచ్చినవాళ్లకు అదీ అక్కర్లేదు. కాకపోతే ఆ 530 కాలేజీ లెక్కలకు అర్హత మాత్రమే, నేరుగా కాల్క్యులస్‌కు టికెట్టు కాదు. ఈ రెండిటినీ కలిపేసి చదువుకుని జులైలో కంగారుపడే ఇళ్లు చాలా ఉన్నాయి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలైతే 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం తర్వాత హైస్కూలు గ్రేడ్లనే చూస్తున్నాయి. అక్కడి పిల్లలకు ఈ వ్యాసంలో సగం అక్కర్లేదు.

శాట్ లెక్కల్లో 780 తెచ్చుకున్నవాడు ప్లేస్‌మెంట్‌లో 58 దగ్గర ఆగిపోతే తల్లిదండ్రులు కంప్యూటర్‌ను అనుమానిస్తారు. అనుమానించాల్సింది డెస్మోస్‌ని. 2024 మార్చి నుంచి ఇక్కడ శాట్ పూర్తిగా డిజిటల్ అయింది. లెక్కల భాగం మొత్తానికీ తెరలోనే డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాల్క్యులేటర్ ఇస్తున్నారు. వర్గ సమీకరణం ఇస్తే కారణాంకాలు విడగొట్టక్కర్లేదు, గీత ఎక్స్ అక్షాన్ని ఎక్కడ కోసిందో చూసి చెప్తే సరిపోతుంది. అలా రెండేళ్లు చేసిన చేతికి బీజగణితం మొద్దుబారుతుంది. ప్లేస్‌మెంట్‌లో ఆ కాల్క్యులేటర్ ఉండదు.

రెండో కారణం మనమే. ఏడో తరగతిలోనే ఆల్జీబ్రా వన్, వేసవి సెలవుల్లో ఆరు వారాల్లో జామెట్రీ, పదకొండులో ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కాల్క్యులస్. పదకొండుకల్లా అయిపోయింది కాబట్టి పన్నెండులో స్టాటిస్టిక్స్. కాలేజీలో అడుగుపెట్టేసరికి ట్రిగనామెట్రీని ముట్టుకుని ఏడాది దాటిపోతుంది. పరుగులో ఎక్కడ కాలు జారిందో పిల్లకూ తెలియదు, మనకూ తెలియదు. ఆ పరీక్షకు తెలుస్తుంది.

ఇక మన ఊరి అలవాట్ల సంగతి. ఇంటర్ ఎంపీసీలో సాధనలు రాసి రాసి అరిగిన చేతులు మనవి. కాల్క్యులేటర్ మొహం చూడకుండా, అడుగు కింద అడుగు పేర్చుకుంటూ వెళ్లే ఆ పద్ధతికి ఈ పరీక్షలో సాటి లేదు. ఇరవై ఎక్కాలు బట్టీ పెట్టించిన మాస్టార్లకు ఎంత దండం పెట్టినా తక్కువే. కానీ మూడు గంటల్లో 160 బిట్లు కొట్టించిన ఎంసెట్ మనకు ఇంకో అలవాటు కూడా చేసింది. నెగటివ్ మార్కుల్లేవు కదా, తెలియకపోయినా ఏదో ఒక గడి నింపెయ్. ఆలెక్స్‌లో అది చెల్లదు. ఊహించడానికి గడులే లేవు. తెలియనప్పుడు నొక్కడానికి "నాకు తెలియదు" అన్న మీట ఉంది. "ఖాళీ వదలకు" అని పిల్లకు నూరిపోసి పంపిస్తే, రాని లెక్కతో పావుగంట కుస్తీపట్టి, ఆ అలసటతో తర్వాత వచ్చే లెక్కలనూ పాడుచేసుకుంటుంది.

మార్కులు పోయేది పెద్ద పెద్ద విషయాల్లో కాదు. 9, 16 కూడి వర్గమూలం తీస్తే 5. విడివిడిగా తీసి 3, 4 కలిపి 7 అని రాసేవాళ్లు ఏపీ కాల్క్యులస్ చదివిన పిల్లల్లో కూడా ఉంటారు. అంకెలిస్తే తప్పు పట్టుకుంటారు, ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9కి వర్గమూలం అని ఇస్తే చెయ్యి తనంతట తనే ఎక్స్ ప్లస్ 3 అని రాసేస్తుంది. 8కి ఘాతం −2/3 అంటే 1/4. ఆ మైనస్ గుర్తును చూసి జవాబు −4 అనేస్తారు. ఎక్స్ స్క్వేర్ 9 కన్నా తక్కువ అంటే ఎక్స్ 3 కన్నా తక్కువ అని ఆపేస్తారు, −3 వైపు హద్దు మర్చిపోతారు. 1/ఎక్స్ 2 కన్నా ఎక్కువ అన్నప్పుడు ఎక్స్ రుణ సంఖ్య కావచ్చన్న ఆలోచన లేకుండా అటూ ఇటూ గుణించేస్తారు. సున్నాకూ అరకూ మధ్యన ఉండాల్సిన జవాబు రుణ సంఖ్యలన్నిటినీ మింగేస్తుంది. 2 ఆధారంగా లాగ్ ఎక్స్, లాగ్ (ఎక్స్ − 2) కలిపితే 3 అన్న లెక్కలో 4, −2 రెండూ వస్తాయి. −2కి లాగ్ లేదని వెనక్కి వెళ్లి చూసుకునే పిల్లలు తక్కువ.

వీటన్నిటికన్నా ఎక్కువమందిని పడేసేది భిన్నంలో భిన్నం. (1/ఎక్స్ − 1/3) ÷ (ఎక్స్ − 3) అనే లెక్క తీసుకోండి. పైన ఉన్నదాన్ని ఒకే హారం మీదకు తెస్తే (3 − ఎక్స్)/(3ఎక్స్) అవుతుంది. కింద (ఎక్స్ − 3) ఉంది. రెండూ ఒకటే అనుకుని కొట్టేసి 1/(3ఎక్స్) అని రాస్తారు. ఒకటి రెండోదానికి తిరగేసిన గుర్తు, కాబట్టి జవాబు −1/(3ఎక్స్). ఆ మైనస్ ఒక్కటే తేడా. కాల్క్యులస్ మొదలైన కొన్నాళ్లకే ఇదే లెక్క ఇంకో పేరుతో వస్తుంది. ఎక్స్‌ను 3కి దగ్గర చేస్తూ పోతే ఎంత అని అడుగుతారు, జవాబు −1/9. అక్కడ లిమిట్ అర్థంకాక ఓడిపోయేవాళ్లకన్నా ఈ భిన్నం దగ్గర ఓడిపోయేవాళ్లే ఎక్కువ. ప్లేస్‌మెంట్‌లో అడిగేది ఊరికే అడగరు.

తయారీకి ఆరు వారాలు చాలు. రోజుకు 45 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం 22న్నర గంటలు. అడ్మిషన్ ఖాయం కాగానే కాలేజీ పేజీలో నాలుగు సంగతులు చూసి రాసిపెట్టుకోవాలి: ఏ పరీక్ష, ఏ తేదీలోగా, ఎన్నిసార్లు రాయొచ్చు, మనవాడి మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) ఎంత స్కోరు కావాలి. ఏపీ స్కోరుతో మినహాయింపు ఉందేమో కూడా అక్కడే ఉంటుంది. కానీ ఏపీ ఫలితాలు జులైలో గాని రావు, క్లాసులు ఎంచుకునే ఓరియెంటేషన్ జూన్‌లో పడితే వాటికోసం ఆగి లాభం లేదు.

మొదటిసారి ఏమీ చదవకుండానే రాయించండి. ఆలెక్స్ ఉన్న కాలేజీలు సాధారణంగా మళ్లీ రాయనిస్తాయి, ఐదుసార్ల దాకా ఇచ్చేవీ ఉన్నాయి. రెండు ప్రయత్నాల మధ్య కొంత గడువు, ప్రిపరేషన్ మాడ్యూల్‌ అనే ఆన్‌లైన్ పాఠాల్లో కొన్ని గంటల సాధన తప్పనిసరి చేస్తాయి. ఆ మాడ్యూల్ మొదటి పరీక్షలో ఏం రాలేదో చూసి పాఠాలు పేరుస్తుంది. పక్కన నాన్న కూర్చుని రాయించిన పరీక్ష అయితే అది నాన్నకు రానివి వెతికి నేర్పిస్తుంది. ఉన్న ఒక్క మంచి పనిముట్టూ అలా వృథా.

తర్వాత ఒక నోటుబుక్కు. తప్పుపోయిన ప్రతి లెక్కనూ ఎడమ పేజీలో తప్పుతో సహా, కుడి పేజీలో సరైన అడుగులతో రాయాలి. కింద ఒక్క ముక్క: గుర్తు మర్చిపోయానా, సూత్రం తెలియదా, ప్రశ్న సరిగ్గా చదవలేదా. మూడోవారానికల్లా ఆ ముక్కల్లో ఒకటే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మందు దానికే వెయ్యాలి. తేలికైన పాఠాలు ముందు ముగించేసి గంటలు నింపుకోవాలన్న ఆశ పుడుతుంది, అది వద్దు. మొదటి రెండు వారాలు భిన్నాలు, ఘాతాంకాలు, కారణాంకాలు. మూడో వారం వర్గ సమీకరణాలు, అసమీకరణాలు. నాలుగు ఫంక్షన్లకు, లాగ్‌లకు. ఐదు ట్రిగ్‌కు: 30, 45, 60 డిగ్రీల విలువలు రేడియన్లలో, నాలుగు పాదాల్లో గుర్తులతో సహా ఖాళీ కాగితం మీద రెండు నిమిషాల్లో రాయగలగాలి. ఆరో వారం రెండో ప్రయత్నం, మిగిలిన కంతలు పూడ్చడం. జవాబు టైపు చెయ్యడం కూడా సాధనే. 3√2 అడిగితే 4.24 అని కొడితే తప్పే.

పరీక్షరోజు గురించి తల్లులకు ఒక మాట. చాలా కాలేజీలు ఇప్పుడు వెబ్‌క్యామ్ పెట్టి, ఇంకే పేజీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్‌లో రాయిస్తున్నాయి. ముందురోజే దాన్ని ఇన్‌స్టాల్ చేసి కెమెరా, మైకు చూసుకోవాలి. బల్ల మీద గుర్తింపు కార్డు, తెల్లకాగితాలు, పెన్సిలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఫోను ఇంకో గదిలో పెట్టాలి. పరీక్ష నడుస్తుండగా పాలగ్లాసు పట్టుకుని తలుపు తీయకండి. కెమెరాకు రెండో మనిషి కనబడితే అది మీ ప్రేమ అని దానికి తెలియదు.

ఇంత జాగ్రత్తగా చదివినా ఒక పిల్ల ప్రీకాల్క్యులస్‌లో పడొచ్చు. దానివల్ల నష్టం లేదనను. ఒక సెమిస్టర్ ఫీజు అవుతుంది. ఇంజనీరింగ్‌లో ఫిజిక్స్, కాల్క్యులస్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి వరస ఒక మెట్టు జరుగుతుంది, మరుసటి వేసవిలో ఒక క్లాసు తీసుకోవాల్సి రావొచ్చు. బాగా వచ్చిన పిల్లను పొరపాటున కింది క్లాసులో కూర్చోబెడితే విసుగుపుట్టి చదువే వదిలేసే ప్రమాదమూ ఉంది, అందుకే తయారవ్వమంటున్నాం. మరి రెండోవైపు? రాని క్లాసులో కూర్చున్న పిల్లకు మొదటి మిడ్‌టర్మ్ వచ్చేదాకా విషయం తెలియదు. అప్పటికి కింది క్లాసులోకి మారే గడువు తరచూ దాటిపోయి ఉంటుంది. వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్టు మీద డబ్ల్యూ, అంటే మధ్యలో వదిలేసినట్టు గుర్తు. క్రెడిట్లు 12 కన్నా తగ్గితే స్కాలర్‌షిప్‌కు ఎసరు, ఎఫ్1 విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలకైతే ఏకంగా స్టేటస్‌కే ఎసరు. వదలకపోతే డి గ్రేడు. ఆ డితో పై క్లాసుకు పోనివ్వరు, మళ్లీ అదే కాల్క్యులస్ చదవాలి. ప్రీకాల్క్యులస్ తప్పించి మిగుల్చుకుందామనుకున్న సెమిస్టర్ ఎలాగూ పోయింది, ఇప్పుడు జీపీఏ కూడా దానితో పోయింది. అన్నిటికన్నా ఘోరం, ఆ పిల్ల ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పలేకపోతుంది. 91 తనది కాదని ముందునుంచీ తెలిసింది తనకొక్కదానికే.

కాబట్టి కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే ఏడాది యాంకర్ చేతిలో పెట్టే చీటీలోంచి ఆ రెండో ప్రశ్న తీసేయండి. శాలువాల మీద పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో మూడు శనివారాలు లైబ్రరీ గది తీసుకోండి. మనలో ఇంటర్ లెక్కలు ఇప్పటికీ చేతి వేళ్ల మీద ఉన్నవాళ్లు డజనుమంది తేలిగ్గా దొరుకుతారు. పిల్లలకు తెల్లకాగితాలు, పెన్సిళ్లు ఇద్దాం. ఫోన్లు, కాల్క్యులేటర్లు గుమ్మం దగ్గర బుట్టలో వేయిద్దాం. అమ్మానాన్నలు కూడా గుమ్మం దాకానే.